పిల్లలు సొంతంగా చదివే మొదటి సాహస కథ: ఎలా ఎంచుకోవాలి, ఎలా చదివించాలి

బొమ్మల కథల పుస్తకాన్ని రెండు నిమిషాల్లో ముగించి, "అయిపోయింది. ఇంకేమైనా ఉందా?" అని పిల్లలు అడిగే రోజు ఒకటి వస్తుంది. చాలామందికి అది రెండో తరగతికీ నాలుగో తరగతికీ మధ్యలో వస్తుంది. ఆ మాట వినగానే మనకు ఎక్కడలేని సంబరం కలుగుతుంది. అల్మరాలోంచి ఒక లావుపాటి పుస్తకం తీసి చేతిలో పెడతాం. మా అమ్మాయి విషయంలో నేను చేసింది అదే. రెండు పేజీలు చదివింది, బొమ్మల కోసం ముందుకీ వెనక్కీ తిప్పింది, పుస్తకాన్ని మంచం కిందికి నెట్టేసింది. ఆ తర్వాత ఆరు నెలలు తెలుగు పుస్తకం పేరెత్తితే ముఖం తిప్పుకుంది.

బొమ్మల కథకూ పెద్ద నవలకూ మధ్య ఒక మెట్టు ఉంది. అధ్యాయాలుగా సాగే చిన్న సాహస కథే ఆ మెట్టు. మొత్తం నలభై నుంచి ఎనభై పేజీలు, నాలుగైదు పేజీలకొక అధ్యాయం, ఇద్దరో ముగ్గురో పిల్లలు, ఒక గుహో అడవో పాత కోటో, చిక్కుముడి ఒకటి. పెద్దవాళ్ళకు ఇది చిన్న పుస్తకంగానే కనిపిస్తుంది. కొత్తగా చదవడం వచ్చిన పిల్లలకు మాత్రం ఒక కథలో నాలుగు రోజుల పాటు ఉండిపోవడం ఇదే మొదటిసారి.

గత కొన్నేళ్ళుగా శనివారం సాయంత్రాలు మా వీధి పిల్లలు పది పన్నెండు మందిని కూర్చోబెట్టుకుని చదివిస్తున్నాను. అందులో నాకు బాగా తెలిసివచ్చినది ఒక్కటే. అక్షరం పెట్టే కష్టం కన్నా "తర్వాత ఏమైంది?" అన్న ఆత్రం ఎక్కువగా ఉంటే పిల్లలు చదువుతారు, తక్కువగా ఉంటే ఆపేస్తారు. కింద చెప్పినవన్నీ ఆ ఆత్రాన్ని పెంచడానికి, ఆ కష్టాన్ని తగ్గించడానికి నేను చేస్తున్నవే.

ముందుగా: కన్ను సిద్ధమా, మనసు సిద్ధమా?

ఈ రెండింటినీ విడివిడిగా చూడాలి, ఎందుకంటే రెండూ ఒకేసారి సిద్ధం కావు.

కన్ను సంగతి తెలుసుకోవడానికి, ఎప్పుడూ చూడని కథలోంచి నాలుగైదు వాక్యాలు చదవమనండి. గుణింతాల దగ్గర ఆగుతున్నారా, వత్తుల దగ్గరా అన్నది గమనించండి. గుణింతాల దగ్గరే తడబడుతుంటే ఇంకొన్నాళ్ళు బొమ్మల కథలే మేలు. వత్తుల దగ్గర ఆగుతుంటే కంగారు అక్కర్లేదు. అది తెలుగు రాతలోనే ఉన్న చిక్కు. "రాత్రి" అన్న మాటనే చూడండి. గుడి తకారం తల మీద ఉంటుంది, రకారం వత్తుగా కిందికి దిగుతుంది. పైనుంచి కిందికి చూసిన కంటికి ముందు "తి", ఆ తర్వాత "ర" కనిపిస్తాయి. నోరు మాత్రం ముందు త్, తర్వాత ర్, ఆఖరున ఇకారం పలకాలి. అందుకే కొత్తగా చదివేవాళ్ళు దాన్ని "రాతిర" అంటారు. ఆ వత్తును ముందుగా చూసి, గుడిని ఆఖరికి దాచుకోవడం కంటికి అలవాటు కావాలి. ఇది వందలసార్లు చూడగా వచ్చే అలవాటు, పాఠం చెప్తే వచ్చేది కాదు. సాహస కథలు ఆ వందలసార్లను విసుగు లేకుండా ఇస్తాయి. రాత్రి అన్న మాట లేని సాహస కథ ఉండదు కదా!

మనసు సంగతి తెలుసుకోవడం ఇంకా తేలిక. రాత్రి పడుకునే ముందు ఒక కథ చెప్పడం మొదలుపెట్టి, సగంలో ఆపండి. మర్నాడు "నిన్న ఎక్కడ ఆపాం?" అని అడగండి. "రాక్షసుడు తలుపు తట్టాడు, అక్కడ!" అని ఠక్కున చెప్పగలిగితే అధ్యాయాల కథకు మనసు సిద్ధమైనట్లే. పేదరాశి పెద్దమ్మ కథలు వింటూ పెరిగిన పిల్లల్లో మనసు ఎప్పుడూ కన్ను కన్నా రెండేళ్ళు ముందుంటుంది. కన్ను చదవగలిగే కథలు మనసుకు మరీ పసివిగా తోస్తాయి. మనసు కోరుకునే కథలు కంటికి అందవు. పిల్లలు "నాకు చదవడం ఇష్టం లేదు" అన్నప్పుడు చాలాసార్లు ఈ ఎడమే వాళ్ళ చేత ఆ మాట అనిపిస్తుంది.

తర్వాత: మధ్య పేజీ తెరిచి చూడండి

అట్ట మీద బొమ్మ చూసి, "ఎనిమిదేళ్ళ వారికి" అన్న మాట చూసి పుస్తకం కొనకండి. మొదటి పేజీ కూడా చాలదు. రచయితలందరూ మొదటి పేజీని జాగ్రత్తగానే రాస్తారు. సరిగ్గా మధ్యలో తెరవండి. అక్కడ నేను చూసేవి ఇవి.

అక్షరం పరిమాణం కన్నా ముందు వరుసకూ వరుసకూ మధ్య ఖాళీ చూస్తాను. తెలుగులో వత్తులు కిందికి వేలాడతాయి, గుడులు, ఏత్వాలు పైకి లేస్తాయి. వరుసలు దగ్గరగా ఉంటే పై వరుస వత్తు వచ్చి కింది వరుస తలకట్టుకు తగులుతుంది. పెద్దల కన్ను దాన్ని విడదీసుకుంటుంది, పిల్లల కన్ను చిక్కుబడుతుంది. అక్షరాలు కొంచెం చిన్నవైనా వరుసల మధ్య గాలి ఆడే పుస్తకమే నయం.

ఇక పేజీ కుడి అంచు. మన పుస్తకాల్లో వరుస నిండగానే మాటను ఎక్కడ పడితే అక్కడ విరుస్తారు. "పరిగెత్తుకుం" ఒక వరుసలో, "టూ" తర్వాతి వరుసలో ఉంటాయి. మధ్యలో గీత కూడా ఉండదు. కొత్తగా చదివేవాళ్ళు "పరిగెత్తుకుం" దగ్గర ఆగి, అదేం మాటో తెలియక మన ముఖం చూస్తారు. పేజీలో అలాంటి విరుపులు నాలుగైదు ఉంటే ఆ పుస్తకాన్ని మీరు చదివి వినిపించడానికి ఉంచుకోండి.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, వాక్యం నడక. తెలుగులో ఒకే వాక్యంలో ఎన్ని పనులైనా గుచ్చవచ్చు. "గుహలోకి దూరి, దివిటీ వెలిగించి, గోడ తడుముతూ నాలుగడుగులు వేసి, కింద ఏదో మెరవడం చూసి, వంగి చేతిలోకి తీసుకున్నాడు." మనకు ఇది హాయిగా ఉంటుంది. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివే పిల్లలకు, వాక్యం చివర క్రియ దొరికేసరికి మొదట్లో దూరింది ఎవరో మరుపున పడుతుంది. అదే సంగతిని "గుహలోకి దూరాడు. దివిటీ వెలిగించాడు. కింద ఏదో మెరిసింది. వంగి తీసుకున్నాడు." అని రాసి ఉంటే ప్రతి చోటా కాలు మోపడానికి చోటు ఉంటుంది. పైగా గుండె దడ కూడా పెరుగుతుంది. రెండు వరుసలు దాటే వాక్యాలు పేజీకి ఒకటి రెండు ఉంటే ఫర్వాలేదు. పేజీ అంతా అవే అయితే వద్దు.

సంధులను కూడా ఇలాగే చూడాలి. "ఎక్కడికెళ్ళిపోయాడోనని" అని ఒకే మాటగా అచ్చువేస్తే అది పది అక్షరాల గుట్ట. "ఎక్కడికి వెళ్ళిపోయాడో అని" అన్నప్పుడు మూడు చిన్న మెట్లు. ఈ సంగతి పట్టించుకునే ప్రచురణకర్తలు తక్కువ. కనిపిస్తే ఆ పుస్తకాన్ని వదలకండి.

సంభాషణలు ఎక్కువగా ఉన్న పుస్తకం మంచిదే, అయితే ఎవరు అన్నారో తెలియాలి. ముగ్గురు పిల్లలు మాట్లాడుకుంటూ "అన్నాడు", "అంది" లేకుండా పేజీ అంతా సాగితే, పిల్లలు మాటలు చదువుతారు, కథ మాత్రం అందదు. పాత్రల పేర్లు కూడా చూడండి. చంద్రవర్మ, చంద్రసేనుడు, చంద్రకేతు ముగ్గురూ ఒకే కథలో ఉంటే పెద్దవాళ్ళమే తికమకపడతాం. వేరు వేరు అక్షరాలతో మొదలయ్యే చిన్న పేర్లు ఉండాలి.

ఇప్పుడు పిల్లల చేత ఆ మధ్య పేజీని చదివించండి. ఆగిన ప్రతి మాటకూ ఒక వేలు మడవండి. పేజీ పూర్తయ్యేలోపు మూడు వేళ్ళ వరకూ అయితే ఒంటరిగా చదవగలరు. నాలుగు, ఐదు అయితే మీరు పక్కన ఉండాలి. రెండో చేతికి వెళ్తే ఆ పుస్తకానికి ఇంకా రోజులు ఉన్నాయి. ఇది నా లెక్క మాత్రమే. మీ పిల్లల ఓపికను బట్టి ఒక వేలు అటూ ఇటూ చేసుకోండి.

ఎలాంటి సాహసం?

సాహసం అంటే కత్తియుద్ధమే కానక్కర్లేదు. తప్పిపోయిన మేకపిల్లను వెతుక్కుంటూ కొండ ఎక్కడం కూడా సాహసమే. వాగు పొంగి ఇంటికి దారి మూసుకుపోవడం, పాడుబడ్డ బావిలో మెట్లు కనిపించడం, తాతగారి పెట్టెలో సగం చిరిగిన పటం దొరకడం, ఇవన్నీ ఏడెనిమిదేళ్ళ పిల్లలకు సరిపోయే ప్రమాదాలు. ప్రపంచాన్ని కాపాడే కథల కన్నా ఇవే వాళ్ళను ఎక్కువగా పట్టుకుంటాయి. ఆ వాగును వాళ్ళు చూశారు, ఆ బావిలోకి తొంగి చూడవద్దని వాళ్ళమ్మ చెప్పింది.

నేను తప్పనిసరిగా చూసుకునేది ఒకటుంది. చిక్కుముడిని పిల్లలే విప్పాలి. ఆఖరి అధ్యాయంలో పోలీసు మామయ్యో, దేవతో, తెలివైన ఉపాధ్యాయుడో వచ్చి అంతా చక్కబెట్టేస్తే చదివిన పిల్లలు మోసపోయినట్టుగా చూస్తారు. మా శనివారం బృందంలో ఒక బాబు అలాంటి పుస్తకం మూసి, "మరి వీళ్ళు ఇంతసేపూ ఎందుకు తిరిగారు?" అని అడిగాడు. అంతకన్నా మంచి విమర్శ నాకు రాదు. చివర నీతి వాక్యం తగిలించిన సాహస కథలనూ నేను పక్కన పెడతాను. పిల్లలు దాన్ని పసిగట్టి, ఇది కూడా పాఠమేనన్నమాట అనుకుంటారు.

భయం మాట ఏమిటంటే, కొంచెం ఉండాలి. ఎంత అన్నది పిల్లలను బట్టి ఉంటుంది. మా అమ్మాయికి పాములన్నా దయ్యాలన్నా లెక్కలేదు, కానీ కథలో అమ్మ తప్పిపోతే ఆ రాత్రి నిద్రపోదు. ముందుగా మీరు పుస్తకం మొత్తం చదివి ఉంటే ఏ అధ్యాయాన్ని పగలు చదవాలో తెలుస్తుంది.

పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి?

తెలుగులో బొమ్మల కథలు ఉన్నాయి, పెద్ద పిల్లల నవలలు ఉన్నాయి. ఈ మధ్య మెట్టు పుస్తకాలు మాత్రం తక్కువ. కాబట్టి కొంచెం వెతకాలి, కొంచెం సొంతంగా తయారు చేసుకోవాలి.

సికింద్రాబాదులోని మంచి పుస్తకం సంస్థ పిల్లల పుస్తకాలనే ప్రత్యేకంగా వేస్తోంది, ధరలు కూడా అందుబాటులో ఉంటాయి. నేషనల్ బుక్ ట్రస్టు వారి నెహ్రూ బాల పుస్తకాలయం వరుసలో తెలుగు పుస్తకాలు దొరుకుతాయి. విజయవాడలో జనవరి మొదట్లో, హైదరాబాదులో డిసెంబరు ప్రాంతంలో జరిగే పుస్తక ప్రదర్శనలకు పిల్లలను వెంటబెట్టుకుని వెళ్ళండి, మధ్య పేజీ పరీక్ష అక్కడికక్కడే చేయవచ్చు. ప్రథమ్ బుక్స్ వారు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు కథలు ఉచితంగా ఉన్నాయి. అక్కడ కథలను నాలుగు స్థాయిలుగా విడదీశారు. నాలుగో స్థాయి కథలు చదవడం బాగా వచ్చినవారి కోసం. అధ్యాయాల పుస్తకానికి ముందు వాటిని ఓ పది చదివిస్తే కాళ్ళు సాగుతాయి. ఊళ్ళో శాఖా గ్రంథాలయం ఉంటే పిల్లల బీరువా తెరిపించి చూడండి, దుమ్ము దులిపితే మంచి పుస్తకాలు బయటపడతాయి.

చందమామ సంగతి విడిగా చెప్పాలి. 1947 జూలైలో మొదలైన ఆ పత్రికలో 1954 నుంచి దాసరి సుబ్రహ్మణ్యం గారు సాహస ధారావాహికలు రాశారు. చిత్రకారుడు చిత్రా గీసిన బొమ్మలతో నెలనెలా వచ్చిన ఆ కథల కోసం ఇళ్ళలో పిల్లలూ పెద్దలూ పోటీపడి ఎదురుచూసేవారు. వాటిలో కొన్ని పుస్తకాలుగానూ వచ్చాయి. తెలుగులో పిల్లల సాహస కథకు అవి పెద్దబాలశిక్ష వంటివని నా నమ్మకం. అయినా సొంతంగా చదివే మొదటి పుస్తకంగా మాత్రం ఇవ్వకండి. వాక్యాలు పొడవు, వత్తులు దట్టం, మాంత్రికుల పేర్లు నోరు తిరగనివి. రాత్రిపూట మీరు గొంతు మార్చి చదవడానికి వాటిని మించినవి లేవు. పిల్లలు రెండేళ్ళ తర్వాత వాటిని తమంతట తామే లాక్కుంటారు.

ఏదీ దొరకకపోతే ఇంట్లోనే తయారు చేయండి. మీకు తెలిసిన పొడవైన కథ ఒకటి తీసుకుని, ఏడెనిమిది భాగాలుగా విడగొట్టి, చిన్న వాక్యాల్లో కంప్యూటర్‌లో టైపు చేయండి. అక్షరం పద్దెనిమిది పాయింట్లు, వరుసల మధ్య ఒకటిన్నర వంతు ఖాళీ, పేజీకి పది పన్నెండు వరుసలు. ప్రతి భాగం మొదట్లో సగం పేజీ ఖాళీగా వదిలేయండి, అక్కడ బొమ్మ పిల్లలు వేసుకుంటారు. దారంతో కుట్టి, అట్ట వేసి, దాని మీద చదివేవారి పేరు రాయండి. మా ఇంట్లో అన్నిటికన్నా ఎక్కువగా నలిగిన పుస్తకం అలాంటిదే.

మొదటి అధ్యాయం మీరే చదవండి

కొత్త పుస్తకాన్ని "ఇదిగో, చదువుకో" అని ఇవ్వకండి. సాహస కథలో మొదటి అధ్యాయమే కష్టం. ఊరు, మనుషులు, పేర్లు, చుట్టరికాలు అన్నీ ఒక్కసారే మీద పడతాయి, ముడి ఇంకా పడదు. ఆత్రం తక్కువగా, కష్టం ఎక్కువగా ఉండే చోటు అదే. ఆ బరువు మీరు మోయండి.

పక్కన కూర్చోబెట్టుకుని, బొమ్మలు చూపిస్తూ, తొందర లేకుండా మొదటి అధ్యాయం అంతా చదవండి. రెండో అధ్యాయం కూడా మొదలుపెట్టండి. బావిలోంచి ఎవరో పిలిచినట్టు వినిపించిందా? అక్కడ ఆపండి. ధారావాహికలు రాసినవారు నెలాఖరున ఎక్కడ ఆపేవారో మీరూ అక్కడే ఆపాలి. పొయ్యి మీద పాలు ఉన్నాయనో, ఫోను చేయాలనో లేచి వెళ్ళండి. పుస్తకాన్ని తెరిచి బోర్లించి అక్కడే వదిలేయండి.

"ఇక నువ్వు చదువు" అనకండి. ఆ మాటతో అంతా హోంవర్కు అయిపోతుంది. కొందరు ఐదు నిమిషాల్లో పుస్తకం అందుకుంటారు. కొందరు మీ వెనకే వంటింట్లోకి వచ్చి "చెప్పు, చెప్పు" అని పీడిస్తారు. "బావిలో ఎవరున్నారో పక్క పేజీలోనే ఉంది" అని చెప్పి ఊరుకోండి. ఆ రోజు చదవకపోయినా ఏమీ కాదు. మర్నాడు ఆ చోటి నుంచి ఇంకొక పేజీ మీరే చదివి, మళ్ళీ ఆపండి.

పక్కన కూర్చుని చదివించేటప్పుడు

ఒక పేజీ మీరు, ఒక పేజీ పాప. అలసిపోతే మీరు మూడు, పాప ఒకటి. సంభాషణలు ఉన్న చోట పాత్రలు పంచుకోండి. పిల్లలకు ఎప్పుడూ కథానాయకుడి మాటలే ఇవ్వండి, కథ చెప్పే పొడవాటి వాక్యాలు మీరు తీసుకోండి. వరుస తప్పిపోతుంటే పోస్టుకార్డంత అట్టముక్కను చదివే వరుస కింద పెట్టి జరుపుకోమనండి. పెదవులు కదుపుతూ చదివినా, పైకి చదివినా ఆపకండి. లోపల చదువుకోవడం దానంతట అదే వస్తుంది.

మాట దగ్గర ఆగినప్పుడు మనసులో ఐదు లెక్కపెట్టండి. అప్పటికీ రాకపోతే మాటను మీరే చెప్పేసి ముందుకు పోనివ్వండి. "ఏ అక్షరం? కింద ఏ వత్తు? మళ్ళీ చదువు" అంటే గుహలో ఉన్న పిల్లలను చెయ్యి పట్టి తరగతి గదిలోకి లాగినట్టే. మాట నేర్పడానికి రేపు పొద్దున ఉంది.

తప్పు చదివిన ప్రతిసారీ దిద్దకండి. పుస్తకంలో "వెళ్ళాడు" అని ఉంటే పిల్లలు తమ ఇంటి అలవాటు కొద్దీ "పోయాడు" అని చదివేస్తారు. అది తప్పు చదవడం కాదు, అర్థం చేసుకుని చదవడం. కంటికి అక్షరం అందేలోపే మనసుకు అర్థం అందింది కాబట్టే నోరు తన మాటను పలికింది. దిద్దవలసింది అర్థం మారినప్పుడు మాత్రమే. "పడవ" అన్నచోట "గొడవ" అని చదివితే, ఆ వాక్యం పూర్తయ్యాక "గొడవ ఎక్కి ఏరు దాటారా?" అని అడగండి. పిల్లలే నవ్వి దిద్దుకుంటారు.

రోజుకు పదిహేను నిమిషాలు చాలు. ఒకే వేళకు, ఒకే చోట. అంతసేపూ మీ ఫోను పక్క గదిలో ఉండాలి.

జరిగిన కథ చెప్పించండి

చందమామ ధారావాహికల్లో ప్రతి భాగానికీ ముందు జరిగిన కథను నాలుగైదు వాక్యాల్లో ఇచ్చేవారు. ఆ పద్ధతిని ఇంట్లోకి తెచ్చుకోండి. ఈసారి చెప్పవలసింది పిల్లలు. కొత్త అధ్యాయం తెరిచే ముందు "నాకు మరుపొచ్చింది, ఎక్కడున్నాం?" అంటే చాలు. వాళ్ళు చెప్పేటప్పుడు వదిలేసినదాన్ని గుర్తించండి. అదే వాళ్ళకు అర్థం కాని చోటు. దాన్ని ప్రశ్నగా మార్చకుండా, చదవబోయే ముందు "అవును, తాళంచెవి వాళ్ళ దగ్గరే ఉందిగా" అని ఒక్క మాట అందించండి.

గోడ మీద పెద్ద కాగితం ఒకటి అంటించి కథ జరిగే చోటు పటం గీయించండి. మొదటి రోజు ఊరు, చెరువు. అధ్యాయం అధ్యాయానికీ అడవి, కనుమ, గుహ చేరుతాయి. పటం పెరగడం కోసమే చదివే పిల్లలను చూశాను.

సాహస కథల్లో ఇప్పుడు వాడుకలో లేని మాటలు వస్తాయి, అవి వాటి అందం. "రాత్రి మూడో జాములో బయలుదేరారు" అని ఉంటుంది. జాము అంటే మూడు గంటలని, పగటికి నాలుగు, రాత్రికి నాలుగు జాములని చెప్పండి. పొద్దుగుంకే వేళ ఆరు గంటలకు లెక్క మొదలుపెడితే మూడో జాము అర్ధరాత్రి పన్నెండు నుంచి మూడు వరకు అని వాళ్ళే తేలుస్తారు. అప్పుడు ఆ వాక్యంలో చీకటి ఎంత చిక్కనిదో తెలుస్తుంది. ఆమడ అంటే సుమారు ఎనిమిది మైళ్ళు. "పది ఆమడలు నడిచారు" అన్న వాక్యం దగ్గర మా బృందంలో ఒక పాప లెక్క వేసి, వాళ్ళ ఊరి నుంచి అమ్మమ్మ ఊరి దాకా అంత దూరం ఉండదని తేల్చి, ఆ పిల్లల కాళ్ళ కోసం బాధపడింది. దివిటీ, మడుగు, కనుమ, నెగడు, ఏటవాలు వంటి మాటలకు అర్థం రాయించవద్దు. బొమ్మ గీసి చూపించండి, లేదా చేత్తో చూపించండి.

మధ్యలో ఆగిపోతే

ఆగిపోతారు. అందరూ ఎప్పుడో ఒకప్పుడు ఆపేస్తారు. ఎక్కడ ఆపారో చూస్తే కారణం తెలుస్తుంది.

రెండో మూడో అధ్యాయంలో ఆపితే చాలాసార్లు అక్కడ వర్ణన ఎక్కువై ఉంటుంది. అడవి ఎలా ఉందో మూడు పేజీలు సాగి ఉంటుంది. ఆ అధ్యాయం మీరు చదివేయండి, లేదా రెండు వాక్యాల్లో చెప్పేసి దాటించండి. కొత్త పాత్రలు వచ్చిన చోట ఆపితే, పుస్తకంలో పెట్టుకునే గుర్తు కాగితం మీద పేర్లు రాసి, పక్కన చిన్న ముఖాలు గీయండి. భయం వేసి ఆపితే పిల్లలు ఆ మాట చెప్పరు, "బాగాలేదు" అంటారు. చివరికి అందరూ క్షేమంగా ఇల్లు చేరతారని ముందే చెప్పండి. అలా చెప్తే కథలో రుచి పోతుందని పెద్దలు అనుకుంటారు. పిల్లలకు ఆ భరోసా ఉంటేనే గుహలోకి అడుగు పెట్టే ధైర్యం వస్తుంది.

ఇవేవీ కాకపోతే పుస్తకాన్ని పది రోజులు కనిపించకుండా దాచి, మళ్ళీ బయట పెట్టండి. అప్పటికీ ముట్టుకోకపోతే వదిలేయండి. మొదలుపెట్టిన పుస్తకాన్ని పూర్తి చేసి తీరాలన్న నియమం పెద్దలకే కష్టం, ఏడేళ్ళ పిల్లలకు అది శిక్ష.

బడిలో తెలుగు అంతగా లేని పిల్లలకు

ఇంగ్లీషు మాధ్యమంలో చదివే పిల్లలు, అమెరికాలోనో సింగపూరులోనో ఉంటూ వారానికి ఒకసారి తెలుగు తరగతికి వెళ్ళే పిల్లలు ఒక విషయంలో ముందుంటారు. అధ్యాయాల పుస్తకం అంటే ఏమిటో వాళ్ళకు ఇంగ్లీషులో తెలుసు. కథను రోజుల తరబడి మనసులో మోయడం అలవాటైపోయింది. తెలుగు అక్షరం మీద కన్ను మాత్రం ఇంకా నిదానం. ఇంగ్లీషులో రెండు వందల పేజీల పుస్తకం చదివే పిల్లల చేతిలో తెలుగులో పన్నెండు పేజీల బొమ్మల కథ పెడితే చిన్నబుచ్చుకుంటారు. వీళ్ళకు వయసుకు తగిన ముడి, తేలికైన వాక్యాలు రెండూ ఒకే పుస్తకంలో కావాలి. ఇంట్లో తయారు చేసుకున్న పుస్తకం వీళ్ళకే ఎక్కువగా పనికొస్తుంది.

ఇంకొక మార్గం కూడా బాగా పనిచేసింది. ఊళ్ళో ఉన్న తాతగారో అమ్మమ్మగారో అధ్యాయాన్ని చదివి ఫోనులో రికార్డు చేసి పంపుతారు. పిల్లలు పుస్తకం తెరిచి, వింటూ, వేలితో వరుస వెంట వెళ్తారు. రెండోసారి విన్నప్పుడు గొంతు కన్నా ముందు వేలు పరిగెడుతుంది. తెలుగు కథను ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఇవ్వడం మాత్రం వద్దు. ఆ రాతలో "ట"కూ "త"కూ తేడా ఉండదు, కన్ను నేర్చుకోవలసినదాన్ని నేర్చుకోదు.

పుస్తకం పూర్తవుతుండగా

పూర్తి చేశాక ప్రశ్నలు వేయకండి, సారాంశం రాయించకండి. చివరి పేజీలో పెన్సిలుతో తేదీ వేయించండి. మళ్ళీ అదే పుస్తకం చదువుతానంటే చదవనివ్వండి. రెండోసారి ఆత్రం ఉండదు కాబట్టి కన్ను నిలకడగా మాటల మీద నిలుస్తుంది, మొదటిసారి దాటేసిన వత్తులన్నీ అప్పుడు పట్టుబడతాయి.

వీలైతే కథలోని చోటును బయట చూపించండి. గుహల కథ చదివినవారిని నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల దగ్గర ఉన్న బెలుం గుహలకు తీసుకెళ్ళండి. అవి 3,229 మీటర్ల పొడవున భూమి లోపల సాగుతాయి. పాతాళగంగ అనే చోట ప్రవేశద్వారం కన్నా 46 మీటర్ల లోతుకు దిగుతారు. కోట కథ చదివినవారికి గోల్కొండలో ద్వారం దగ్గర చప్పట్లు కొట్టి, ఆ చప్పుడు కొండ పైకి వినిపించడం చూపించండి. ఇంటికి రాగానే పుస్తకం తీసి ఆ అధ్యాయాన్ని మళ్ళీ తిరగేస్తారు.

ఇదంతా అయ్యాక వెతుకుదాంలే అనుకోకండి, రెండో పుస్తకం ముందే ఇంట్లో ఉండాలి. మొదటిదానిలో ఇంకా రెండు అధ్యాయాలు మిగిలి ఉండగానే తెచ్చి, ఏమీ చెప్పకుండా అల్మరాలో వాళ్ళ చెయ్యి అందే వరుసలో, అట్ట మీది బొమ్మ కనిపించేలా నిలబెట్టండి. ఈసారి కూడా మొదటి అధ్యాయం మీరే చదవవలసి రావచ్చు. మా అమ్మాయికి నేను నాలుగో పుస్తకం దాకా చదివాను. ఐదో పుస్తకం తెచ్చిన రోజు చదవబోతుంటే చేతిలోంచి తీసుకుని, "నువ్వు చదివితే నిదానంగా ఉంటుంది" అని చెప్పి, కిటికీ గట్టు మీదికెక్కి కూర్చుంది.